బాస్ చేపల వేటకి స్పిన్నింగ్ రీల్ మార్చేముందు: హ్యాండిల్ కాదు, లైన్ నడిచే దారి చూడండి

మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం. బాస్ చేపలు పట్టడానికి మీ దగ్గర మొదటి మెట్టు, అంటే చవక రకం, 2500 సైజు స్పిన్నింగ్ రీల్ (గాలం లైన్ చుట్టే యంత్రం) ఉంది. దానికి తోడు ఏడడుగుల మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ (కొస దగ్గరే ఎక్కువ వంగే) రాడ్. 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), చివర 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎర వైపు కట్టే పొట్టి లైన్ ముక్క). ఎక్కువగా ఆడేది డ్రాప్ షాట్, నెడ్ రిగ్, వాకీ రిగ్, అంటే మెత్తటి ఎరని నెమ్మదిగా ఆడించే పద్ధతులు. రెండు సీజన్లకే హ్యాండిల్ గరగరమంటోంది, విసిరినప్పుడు లైన్ ముడులు పడుతోంది, మొన్న మంచి సైజు స్మాల్‌మౌత్ బాస్ ఒకటి పరుగందుకోగానే లీడర్ పుటుక్కుమంది. షిమానో స్ట్రాడిక్, వాన్‌ఫోర్డ్, డైవా బలిస్టిక్ ఎంక్యూ ఎల్‌టీ, ఈ మూడింట్లో ఏది తీసుకోవాలి? లేదంటే ఆ డబ్బుతో రెండు చవక రీళ్లు కొనుక్కోవడమే నయమా?

జవాబు ముందే చెప్పేస్తాను. మీ ఆటకి వాన్‌ఫోర్డ్ 2500 హై గేర్ (హ్యాండిల్ చుట్టుకి ఎక్కువ లైన్ చుట్టే రకం). అంత పెట్టడం ఇష్టం లేకపోతే స్ట్రాడిక్ 2500, దాంతో మీకొచ్చే నష్టమేమీ లేదు. అయితే ఒక మాట. మీరు చెప్పిన మూడు బాధల్లో రెండు, రీల్ మార్చినంత మాత్రాన పూర్తిగా పోవు. అవి గేర్ల వల్ల వచ్చినవి కావు, లైన్ నడిచే దారిలో వచ్చినవి. నేను స్పిన్నింగ్ రీల్‌ని ఎప్పుడూ లైన్ వైపు నుంచే చూస్తాను. స్పూల్ (లైన్ చుట్టుకునే గిన్నె) అంచు, బెయిల్ (లైన్‌ని పట్టి చుట్టే తీగ), లైన్ రోలర్ (బెయిల్ చివర లైన్ దొర్లే చిన్న చక్రం), డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్‌ని కొంచెం కొంచెంగా వదిలే బ్రేక్). గేర్లూ బేరింగులూ ఆ తర్వాత. దుకాణంలో మాత్రం అందరం హ్యాండిల్ పట్టుకుని నాలుగు చుట్లు తిప్పి మురిసిపోతాం. కొత్త రీల్ ఏదైనా అలాగే తిరుగుతుంది, అందులో సగం గ్రీజు మహిమ.

ముందు ఆ గరగర సంగతి తేల్చండి. స్పూల్ తీసేసి, ఏ బరువూ లేకుండా హ్యాండిల్ చాలా నెమ్మదిగా తిప్పండి. చుట్టు చుట్టుకీ ఒకే చోట తగులుతుంటే మెయిన్ గేర్ పన్ను దెబ్బతిందనో, పళ్ల మధ్య ఇసుక రేణువు ఇరుక్కుందనో లెక్క. ఒక చోటంటూ లేకుండా మొదటినుంచీ చివరిదాకా సన్నగా జుయ్యిమంటుంటే రోటర్ (బెయిల్‌ని మోసుకుని తిరిగే భాగం) కింద ఉండే పినియన్ (చిన్న గేర్) బేరింగ్‌ని అనుమానించాలి. ఖాళీగా తిప్పితే చప్పుడు లేదు, ఎర లాగేటప్పుడే మూలుగుతోంది అంటే చాలాసార్లు దొంగ లైన్ రోలరే. గేర్ పోయిన చవక రీల్ బాగుచేయించడం దండగ. బేరింగో రోలరో అయితే ఆ రీల్ ఇంకా బతికే ఉన్నట్టు.

రోలర్‌కి నేను చేసే పరీక్ష ఇది. మార్కర్ పెన్నుతో రోలర్ మీద ఒక చుక్క పెట్టండి. లైన్‌ని దాని మీదుగా తీసి, రెండు వేళ్ల మధ్య కాస్త బిగువుగా పట్టుకుని, హ్యాండిల్ మెల్లగా తిప్పండి. చుక్క కనపడుతూ మాయమవుతూ ఉంటే రోలర్ దొర్లుతోంది. చుక్క ఎక్కడుందో అక్కడే కూర్చుంటే లైన్ దాని మీద జారుతోందే గానీ రోలర్ తిరగడం లేదు. అలా రాసుకుంటూ పోయే లైన్‌లో మెలి పేరుకుంటుంది. సాయంత్రానికి లైన్ వదులు చేస్తే చాలు, దానంతటదే చుట్టుకుపోతుంది. బెయిల్ చివరున్న స్క్రూ విప్పి, ఒక్కో ముక్కా తీసిన వరసలోనే బల్ల మీద పేర్చుకోండి, చిన్న వాషర్ ఏ వైపుదో తర్వాత గుర్తుండదు. లోపల బేరింగ్ ఉండొచ్చు, మొదటి మెట్టు రీళ్లలో ప్లాస్టిక్ బుష్ కూడా ఉండొచ్చు. తుడిచి, ఒక్క చుక్క పల్చటి నూనె వేసి బిగించండి. అన్నట్టు, హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే యాంటీ రివర్స్ క్లచ్ వైపు మాత్రం గ్రీజు పోనివ్వకండి. అది సన్నని రోలర్లు పట్టు చిక్కించుకుని పనిచేసే భాగం. చిక్కటి గ్రీజు చేరితే, అందులోనూ చలిలో, హుక్ కొట్టే క్షణంలోనే హ్యాండిల్ వెనక్కి జారుతుంది.

ఇప్పుడు ముడుల గొడవ. డ్రాప్ షాట్‌లో మీరేం చేస్తారు? బరువు అడుగున పెట్టి, లైన్ వదులుగా ఉంచి, రాడ్ కొసతో ఎరని వణికిస్తారు. తర్వాత ఆ వదులు లైన్‌ని చుట్టేస్తారు. బిగువు లేకుండా వెళ్లిన ఆ నాలుగైదు చుట్లు స్పూల్ మీద ఉబ్బుగా పడి ఉంటాయి, వాటి పైన గట్టి చుట్లు పడతాయి. తర్వాతి విసురులో పై చుట్లు పోతూ పోతూ ఈ ఉబ్బుని కూడా ఒక్కసారిగా లాక్కుపోతాయి. మొదటి గైడ్ (రాడ్ మీద లైన్ దూరే వలయం) దగ్గర పిట్టగూడులాంటి చిక్కు తయారు. బ్రెయిడ్ మెత్తగా, బిరుసు లేకుండా ఉంటుంది గనక మోనో (ఒకే పోగు నైలాన్ లైన్) కంటే దీనికి త్వరగా లొంగుతుంది. ఎంత ఖరీదైన రీల్ కొన్నా ఈ సూత్రం మారదు.

మందు చేతిలోనే ఉంది. ఎర నీళ్లలో పడగానే బెయిల్‌ని చేత్తో మూయండి, హ్యాండిల్ తిప్పి మూయకండి. మూశాక రోలర్‌కీ మొదటి గైడ్‌కీ మధ్య లైన్‌ని పట్టుకుని ఒక్క లాగు లాగండి, వదులంతా పోతుంది. వదులు లైన్ చుట్టాల్సి వచ్చినప్పుడల్లా దాన్ని వేళ్ల మధ్య నుంచి పోనివ్వండి. తర్వాత స్పూల్ నింపడం. అంచుదాకా నింపితే దూరం పోతుందని కొందరు నింపేస్తారు. బ్రెయిడ్‌కి అంచు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉంచడమే క్షేమం. అడుగున కాస్త మోనో చుట్టి దాని మీద బ్రెయిడ్ కట్టండి, లేకపోతే నున్నటి స్పూల్ మీద బ్రెయిడ్ మొత్తం గుండ్రంగా జారిపోతుంది. డ్రాగ్ పాడైందేమో అనుకుని జనం రీల్ విప్పేస్తుంటారు, తీరా చూస్తే జారేది లైన్ మాత్రమే.

ఎక్కువమంది పట్టించుకోనిది ఇంకొకటుంది: స్పూల్ కింద వేసే పల్చటి వాషర్లు. చాలా రీళ్ల పెట్టెలో ఒకటో రెండో అదనంగా ఇస్తారు, అవి సొరుగులోకి పోతాయి. నిండిన స్పూల్‌ని పక్కనుంచి కంటికి ఎదురుగా పెట్టుకుని చూడండి. లైన్ సమంగా గానీ, ముందు అంచు వైపు కొంచెం సన్నగా గానీ ఉండాలి. ముందు వైపు లావుగా, వెనక సన్నగా ఉంటే అదే ముడులకి పుట్టిల్లు. అప్పుడు స్పూల్ కింద ఒక వాషర్ కలపండి. స్పూల్ కొద్దిగా పైకి లేస్తుంది, లైన్ వెనక్కి సర్దుకుంటుంది. వెనక మరీ కుప్పపడుతుంటే ఒకటి తీసేయండి. లైన్ మొత్తం విప్పి మళ్లీ బిగువుగా చుట్టాకే తేడా కనిపిస్తుంది.

లీడర్ తెగడం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కొనేటప్పుడు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. పెట్టె మీద మాక్స్ డ్రాగ్ అని ఒక అంకె ఉంటుంది. 2500 సైజులో 9 కిలోలు, అంటే 20 పౌండ్లు అని రాసినవి చాలా ఉన్నాయి. లార్జ్‌మౌత్ బాస్ ప్రపంచ రికార్డు 22 పౌండ్ల 4 ఔన్సులు, పది కిలోల పైన కొంచెం. 1932లో అమెరికాలోని జార్జియాలో మాంట్‌గోమరీ సరస్సులో పడింది, 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దాని సరసన నిలిచే చేప పడింది. అంటే ఇంతవరకూ రికార్డుకెక్కిన అతిపెద్ద బాస్ బరువుకి రెండు పౌండ్ల చిల్లర మాత్రమే తక్కువైన డ్రాగ్ మీ చేతిలో ఉంటుందన్నమాట. ఏం లాభం? మీ లీడర్ ఎనిమిది పౌండ్లు. డ్రాగ్ పెట్టాల్సింది లైన్ బలంలో పావు వంతు దగ్గర, మహా అయితే మూడో వంతు లోపల. పావంటే 2 పౌండ్లు, 900 గ్రాములు. ముడి దగ్గర లైన్ బలం ఎలాగూ తగ్గుతుంది, రాడ్ వంగినప్పుడు గైడ్ల రాపిడి ఇంకొంత కలుస్తుంది.

కాబట్టి డ్రాగ్‌లో చూడాల్సింది గరిష్ఠం కాదు, మొదలు. స్పూల్ కదలడం మొదలయ్యే ఆ మొదటి క్షణంలో ఎంత లాగుడు కావాలి, కదిలాక ఎంత కావాలి, ఈ రెంటి మధ్య తేడా ఎంత? చిన్న స్ప్రింగ్ త్రాసు ఒకటి తీసుకుని లీడర్ దానికి కట్టండి. రాడ్ వంచి పట్టుకుని, మెల్లగా వెనక్కి నడవండి, ఇంకొకరిని ముల్లు చూడమనండి. 900 దగ్గర పెట్టిన డ్రాగ్, కదలడానికి ముందు 1400 దాకా ఎగబాకి, టక్కున జారి 900కి దిగితే ఆ డ్రాగ్ అంటుకుపోతోంది. మోనో అయితే సాగి ఆ దెబ్బని మింగేస్తుంది. బ్రెయిడ్‌కి సాగుడు దాదాపు లేదు, ఫ్లోరోకార్బన్ లీడరేమో ముచ్చటగా మూడడుగులుంటే ఎక్కువ. దెబ్బంతా ముడి మీద పడుతుంది. మీ స్మాల్‌మౌత్ పరుగు మొదట్లోనే తెంపుకుపోయిందంటే నా అనుమానం దీనిమీదే. పడవ పక్కకొచ్చాక ఒక్కసారిగా కిందికి దూకే చేప అది, లార్జ్‌మౌత్‌కి పెట్టిన సెట్టింగ్ దానికి సరిపోదు.

ఇదీ కొంతవరకు ఇంట్లోనే కుదురుతుంది. ఫెల్ట్ వాషర్లున్న డ్రాగ్‌ని బిగించేసి నెలల తరబడి వదిలేస్తే అవి అణిగిపోయి అంటుకుంటాయి. ఇంటికొచ్చాక నాబ్ వదులు చేసి పెట్టడం అలవాటు చేసుకోండి. వాషర్లు తీసి శుభ్రం చేసి, డ్రాగ్‌కి చెప్పిన గ్రీజే పల్చగా రాసి చూడండి. ఇక కొత్త రీల్‌కి డబ్బు పెట్టినందుకు నిజంగా చేతికి తెలిసే తేడా ఉందంటే అది ఈ విషయంలోనే. మధ్య మెట్టుకి ఎక్కగానే డ్రాగ్ కదలడం మొదలైన సంగతి రాడ్ కొస చూస్తే గానీ తెలియదు. డైవా వాళ్ల ఏటీడీ డ్రాగ్ ఉద్దేశమే ఆ మొదటి కుదుపు తగ్గించడం, బలిస్టిక్‌లో అది ఉంటుంది. షిమానో కొత్త తరం రీళ్లలోనూ డ్రాగ్ వాషర్లు మార్చి డ్యూరాక్రాస్ అని పేరు పెట్టారు.

బేరింగుల సంఖ్య గురించి ఒక్క వాక్యం: పట్టించుకోకండి. పదకొండు నాసిరకం బేరింగుల కంటే సరైన చోట ఉన్న ఆరు మంచివి నయం, ఆ సరైన చోట్లలో లైన్ రోలర్ ఒకటి.

సైజు దగ్గర జనం తికమకపడతారు. షిమానోలో 2500, సీ3000 రెండూ ఒకే బాడీ. స్పూల్ తేడా, అంతే. డైవా 2018లో ఎల్‌టీ వరస తెచ్చినప్పుడు సైజులన్నీ ఒక మెట్టు కిందికి జరిపింది. దాంతో పాత 2500 అలవాటున్న చేతికి ఎల్‌టీ 2500 చిన్నగా అనిపిస్తుంది, పాత 2500కి దగ్గరగా ఉండేది ఎల్‌టీ 3000. మీ లైన్‌కి ఎల్‌టీ 2500 సరిపోతుంది. పేరు చివర ఎస్ అని ఉంటే లోతు తక్కువ స్పూల్, సన్నటి బ్రెయిడ్‌కి అదే హాయి, అడుగున మోనో ఎక్కువ చుట్టాల్సిన పని ఉండదు.

గేర్ రేషియో (హ్యాండిల్ ఒక చుట్టుకి రోటర్ ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పేది) ఒంటరిగా చూస్తే అర్థం లేని అంకె. ఒక చుట్టుకి ఎంత లైన్ వస్తుందన్నది చూడాలి. షిమానో 2500 హై గేర్ 6.0:1, చుట్టుకి 35 అంగుళాలు, సుమారు 89 సెంటీమీటర్లు. మీ ఆటలో ఎరని కదిలించేది రాడ్, రీల్ పని వదులు లైన్‌ని ఎత్తుకోవడం. హుక్ తగిలిన స్మాల్‌మౌత్ మీవైపే ఈదుకొచ్చి గాల్లోకి ఎగిరినప్పుడు ఆ 35 అంగుళాలు అక్కరకొస్తాయి. అంతకన్నా వేగం వద్దు. ఎక్స్‌ట్రా హై గేర్‌లో హ్యాండిల్ బరువెక్కుతుంది, నెడ్ రిగ్‌ని నెమ్మదిగా లాగడం చేతకాదు.

ఇక అసలు మూడు రీళ్లు. వాన్‌ఫోర్డ్, స్ట్రాడిక్ మధ్య తేడా నాణ్యతది కాదు, స్వభావానిది. వాన్‌ఫోర్డ్ బాడీ, రోటర్ కార్బన్ కలిపిన తేలిక పదార్థంతో చేసినవి. 2500 సైజు 180 గ్రాముల దగ్గర తూగుతుంది. స్ట్రాడిక్ బాడీ లోహం, 220 గ్రాముల చుట్టుపక్కల. నలభై గ్రాములు పెద్ద లెక్క కాదని మీరనొచ్చు. నిజమే, బరువు వరకే అయితే. కానీ రోటర్ తేలికైతే తిప్పగానే కదులుతుంది, ఆపగానే ఆగుతుంది. అర చుట్టు తిప్పి ఆపి, మళ్లీ పావు చుట్టు తిప్పే డ్రాప్ షాట్‌లో ఇది వెంటనే చేతికి తెలుస్తుంది. ఎర గడ్డిని తాకిందా, చేప నోట్లో పెట్టుకుందా అన్న సన్న తేడా కూడా బరువు రోటర్ కింద కొంత మరుగున పడుతుంది. బరువు రోటర్‌కీ దాని సుఖం దానికుంది. ఒకే వేగంతో లాగాల్సిన చిన్న స్విమ్‌బెయిట్‌కి (చేపలా ఈదే ఎర) స్ట్రాడిక్ తనే ఊపు అందుకుని సాఫీగా పోతుంది. మీరు స్విమ్‌బెయిట్ ఆడేవారైతే నా జవాబు తారుమారయ్యేది.

"కార్బన్ బాడీ వంగిపోదా?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. పెద్ద సముద్రపు చేపతో, గట్టి డ్రాగ్‌తో అయితే ఆలోచించాలి. 900 గ్రాముల డ్రాగ్‌కి వంగే బాడీ మధ్య మెట్టులో నేను చూడలేదు.

తరం కూడా చూసుకోండి. స్ట్రాడిక్ 2019లో ఒకటి, 2023లో ఇంకొకటి వచ్చాయి. వాన్‌ఫోర్డ్ 2020, 2024. రెంటిలోనూ కొత్త తరంలో లైన్ రోలర్ దగ్గర మెత్తటి చిన్న రెక్క లాంటిది పెట్టారు, యాంటీ ట్విస్ట్ ఫిన్ అంటారు. వదులైన లైన్ రోలర్ మీద నుంచి కిందికి వేలాడకుండా ఆపుతుంది. చూడ్డానికి ఏమీ ఉండదు, ప్రకటనల్లోనూ గేర్ల పేర్లే పెద్దగా వేస్తారు. మీ ముడుల బాధకి మాత్రం పనికొచ్చేది అదే. అందుకే పాత తరం తగ్గింపులో దొరికినా మీకు కొత్తదే చెబుతాను. ముడుల బాధ లేనివాళ్లు పాతది కళ్లకద్దుకుని తీసుకోవచ్చు.

బలిస్టిక్ ఎంక్యూ ఎల్‌టీ బరువులో ఈ రెంటికీ నడుమ ఉంటుంది. ఎంక్యూ అంటే మోనోకాక్ బాడీ. పక్క మూతని స్క్రూలతో బిగించే బదులు, బాడీలోకే మరలా తిప్పి బిగించే పెద్ద గుండ్రటి పలక. స్క్రూల చోటు మిగిలి లోపల పెద్ద గేర్ పడుతుంది. గట్టి రీల్. నాకున్న ఒకే ఒక్క అభ్యంతరం, డైవా పై మెట్ల రీళ్లలో నీళ్లు రాకుండా అయస్కాంతంతో నిలబెట్టే నూనె వాడతారు. విప్పి తుడిస్తే అది పోతుంది, ఇంట్లో తిరిగి పెట్టలేం. మంచినీళ్లలో ఆడుతూ, తనే విప్పి తనే నూనె వేసుకోవాలనుకునేవాడికి అది వరమా శాపమా మీరే చెప్పాలి. రీల్ లోపలికి చెయ్యి పెట్టని మనిషైతే బేఫికర్‌గా డైవా తీసుకోవచ్చు.

రెండు చవక రీళ్ల ఆలోచన వదిలేయండి. ఉన్న బాధే రెండు రాడ్లకి పంచినట్టవుతుంది. రెండో రాడ్ నిజంగా ఉంటే, పైన చెప్పినవన్నీ చేశాక మీ పాత రీల్ దానికి పనికొస్తుంది. చెయ్యి మరీ బిగుసుకుంటే ఒక మెట్టు దిగి షిమానో నాస్కీ చూడండి. అందులో కూడా కోల్డ్ ఫోర్జింగ్ చేసిన (వేడి చేయకుండా లోహాన్ని నొక్కి తయారుచేసిన) గేరే ఉంటుంది. ఇంకా పైకెళ్లి ట్విన్ పవర్, స్టెల్లా దాకా వెళ్తే మీ లైన్‌కి, మీ చేపకి పెరిగేది చాలా కొంచెం. చేతికి ఆనందం పెరుగుతుంది, అది కాదనను.

కొనేరోజు మీ రాడ్ వెంట తీసుకెళ్లండి. రీల్ బిగించి, దాని ఫుట్‌కి (రాడ్‌కి బిగుసుకునే పాదానికి) కొంచెం ముందు రాడ్‌ని ఒక వేలి మీద ఆనించండి. కొస పూర్తిగా కిందికి వాలిపోతే, మీ రాడ్ కొస బరువుదని అర్థం. అప్పుడు నా సిఫారసు పక్కన పెట్టి స్ట్రాడిక్ తీసుకోండి. డ్రాప్ షాట్‌లో కొస పైకెత్తి గంటలకొద్దీ పట్టుకోవాలి, అక్కడ మరీ తేలిక రీల్ మణికట్టుకి మేలు చేయదు. తర్వాత హ్యాండిల్‌ని ముందుకీ వెనక్కీ ఆడించి చూడండి, ఆట ఉండకూడదు. మరతో నేరుగా గేర్‌లోకి బిగుసుకునే హ్యాండిల్ అయితే ఉండదు. బెయిల్‌ని పదిసార్లు చేత్తో మూసి తెరవండి, మూసిన ప్రతిసారీ లైన్ తనంతట తనే రోలర్ మీదికి జారాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. ఆఖరికి డ్రాగ్ బాగా వదులు చేసి లైన్‌ని నత్తనడకన లాగండి. స్పూల్ ఆగి ఆగి కదిలితే ఆ పెట్టె పక్కన పెట్టించి అదే మోడల్‌లో ఇంకొకటి తీయమనండి, ఒకే మోడల్‌లో కూడా రీల్‌కీ రీల్‌కీ తేడా ఉంటుంది.